మగాలి మొక్కిన పడవ

“ఇవ్వనంటే ఇవ్వను!” అంది మగాలి, చెక్క పడవను గుండెకు హత్తుకుని.

“మరి మొక్కిందెవరే? నేనా?” అంది నానమ్మ.

మా మార్సెయ్ రేవు పట్నంలో ఎక్కడ నిలబడి చూసినా కొండ మీది చర్చి కనిపిస్తుంది. దాని శిఖరం మీద బంగారు పూతతో మేరీమాత ఉంటుంది. మేమంతా ఆమెను మంచితల్లి అంటాం. సముద్రంలో గండం గడిచినవాళ్లు చిన్న పడవ బొమ్మ చేసి ఆమెకు ఇచ్చుకుంటారు.

పోయిన వారం గాలి విరుచుకుపడింది. చేపలకు వెళ్లిన మగాలి నాన్న తోనిన్ సాయంత్రమైనా రేవుకు రాలేదు. మగాలి కిటికీ తెరిచి కొండ వైపు అరిచింది.

“మా నాన్నను పంపించు! నా పడవ నీకే!”

మర్నాడు పొద్దున నాన్న వచ్చాడు. కానీ ఆ పడవ మామూలుదా? తాతయ్య పాత పడవ చెక్కతో చలికాలమంతా కూర్చుని మగాలి తనే చెక్కింది. సోమవారం బడికి తెస్తానని క్లాసులో గొప్పలు కూడా పోయింది.

“నాన్న ఇంజను బాగుచేసుకుని వచ్చాడు. ఆవిడ చేసిందేంటి?” అంది మగాలి.

నానమ్మ సంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. దాంతో మగాలికి ఇంకా మండింది. గదిలోకి వెళ్లి, బజారులో కొన్న ప్లాస్టిక్ పడవను కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది. చెక్క పడవ మంచం కిందికి పోయింది.

“పెట్టేశా. పదండి!”

నానమ్మ, నాన్న, మగాలి ముగ్గురూ నడిచే కొండెక్కారు. మొక్కు తీర్చేవాళ్లు బస్సెక్కితే నానమ్మ ఊరుకోదు. దారి పొడుగునా మగాలి నాన్నను ఏడిపిస్తూనే ఉంది. తిరిగొచ్చిన రోజే ఆయన తన గుబురు మీసం తీసేశాడు మరి.

“నాన్నా, నీ మొహం పొట్టు తీసిన ఉల్లిపాయలా ఉంది!”

“ఉక్కగా ఉందని తీసేశాలేవే,” అని నవ్వేశాడు నాన్న.

చర్చిలో తలెత్తితే అన్నీ పడవలే. పైకప్పు నుంచి వేలాడుతున్నాయి. ఒకటైతే వంకరగా ఉంది, ఎవరో పిల్లలు చేసినట్టు. నాన్న టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం లేని మీసాన్ని తడుముకుంటోంది.

“పెళ్లినాటి నుంచి పెంచుకున్న మీసం,” అని గొణిగింది నానమ్మ. “ఇంజను ఆగిపోయినప్పుడు వీడు దాన్నే ఇస్తానని మొక్కాడు. అంతకన్నా ఇష్టమైంది ఏముంది వీడికి?”

మగాలికి ఉల్లిపాయ అన్నందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

నాన్న కళ్లు తెరిచి సంచిలో చెయ్యి పెట్టబోయాడు.

“తెరవకు!” మగాలి సంచి లాక్కుంది. “అది నా పడవ కాదు. ప్లాస్టిక్‌ది. అసలుది ఇంట్లో దాచేశాను. వెళ్లి తెస్తా.”

“సరే, బస్సులో వెళ్దాం పద...” అన్నాడు నాన్న.

“వద్దు! నడిచే వెళ్తా, నడిచే వస్తా!”

ఆమె వెనకాలే నాన్నా పరుగు తీశాడు.

మళ్లీ కొండెక్కేసరికి తలుపులు మూసే వేళయింది. చర్చి చూసుకునే ముసలాయన అడ్డంగా నిలబడ్డాడు.

“రేపు రా పాపా.”

“ఇవాళే ఇస్తాను.”

ఆయన పడవను చేతిలో తిప్పి చూశాడు. “ఎంత బాగా చేశావమ్మా! పైన మాత్రం చోటు లేదు. అలమారాలో పెట్టాల్సిందే, ఎవరికీ కనిపించదు. ఇంటికి తీసుకుపోరాదూ?”

మగాలి పడవను ఒక్కసారి చూసుకుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

“అలమారాలోనే పెట్టండి. నేను మాత్రం వెనక్కి తీసుకోను.”

కిందికి వచ్చేసరికి రేవులో నాన్న స్నేహితులు వలలు సర్దుకుంటున్నారు. ఒకాయన కేకేశాడు.

“ఏం తోనిన్, మీసం గాలికి కొట్టుకుపోయిందా?”

అందరూ నవ్వారు. నాన్న తల వంచుకున్నాడు. మగాలి ఆయన ముందుకొచ్చి నడుం మీద చేతులేసుకుంది.

“మా నాన్న మొక్కు తీర్చాడు. నేనూ తీర్చాను. ఇందులో నవ్వేదేముంది?”

ఎవరూ మళ్లీ నవ్వలేదు.