జనగామ లైవ్‌లో ఓ లొల్లి

"అన్నా, జర పక్కకు జరుగు. స్టేజీ కనవడ్తలేదు."

ముందున్న అబ్బాయి వెనక్కి తిరగలేదు. "జరగనీకి రాదు. మైకు పట్టుకున్న."

జనగామలో ఆ సాయంత్రం ఓ రాక్ బ్యాండు కచేరీ. దాన్నే లైవ్ ఆల్బంగా తేవాలని రికార్డు చేస్తున్నారు. జనం కేకల కోసం పెట్టిన మైకు స్టాండు విరగడంతో, రికార్డింగ్ చూసే శ్యాం దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే పాట మొత్తం నీ వీపే చూడాల్నా?" అంది ప్రవళిక.

"మెల్లగ మాట్లాడు. నీ లొల్లి సుత రికార్డయితది."

"కానియ్."

అతను నవ్వాడు. అంతలో వాన దంచింది. సగం జనం దుకాణాల చూర్ల కిందికి పరుగెత్తారు. ప్రవళిక గొడుగు తెరిచి మైకుకు పట్టింది.

"మైకుకే పడ్తవా? నాకు?"

"నువ్వు తడిస్తే ఖరాబు గావుగదా."

ఇద్దరూ పకపకా నవ్వారు. చివరి పాటకు ముందే బస్సుకు టైమైందని స్నేహితురాలు శ్వేత ఆమెను లాక్కుపోయింది. అతని పేరైనా అడగలేదు.

ఆ తర్వాత ప్రవళికకు భూపాలపల్లిలోని ఓ ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. పొద్దంతా ఎవరెవరి రక్తమో తీసేది. సాయంత్రం గదికొస్తే పలకరించే మనిషి లేదు. ఇంకెవరో ఉన్నట్టు అనిపించాలని టీవీ పెట్టి, అటు చూడకుండా కూర్చునేది. కురవి నుంచి అమ్మ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అంటే "తిన్న" అనేది. ఆపైన మాటలు దొరికేవి కావు.

చలికాలంలో ఆల్బం వచ్చింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. రెండు పాటల మధ్య వాన చప్పుడు. అందులోంచి తన గొంతు, ఆ వెనకే తన నవ్వు. అట్లా నవ్విన మనిషి తనేనా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బ్యాండు పేజీకి మెసేజ్ పెట్టింది. "ఆల్బంల నా గొంతున్నది. ఎవరుంచిన్రు?" కింద తన నంబరు రాసింది.

సాయంత్రానికి ఫోన్ మోగింది.

"నేనే ఉంచిన. శ్యాంను, ఆనాడు మైకు పట్టుకున్నోన్ని. బ్యాండోళ్లు తీసెయ్యమన్నరు."

"మరెందుకు తియ్యలే?"

"తీస్తే ఇంక నువ్వు నాకు యాడ దొరుకుతవు?" అన్నాడు. "ఆ తర్వాత బ్యాండు విడిపోయింది, పేజీ సుత నేనే చూస్తున్న. గార్ల ఊర్ల మా ఇంట్లనే ఒక్కన్ని కూసొని మిక్సింగ్ చేసిన. పాటలకంటే నీ మాటలే ఎక్కువిన్న."

ప్రవళిక నడుస్తున్న టీవీ కట్టేసింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

ఆ తర్వాతి సెలవుకు ఇంటికి పోతూ, అందరూ మానుకోట అని పిలిచే మహబూబాబాద్ బస్టాండులో దిగింది. శ్యాం అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ప్రవళిక బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉంది.

"మస్తు మాట్లాడుతవనుకున్న," అన్నాడు అతను.

"అలవాటు తప్పింది. అక్కడ నాకెవ్వరు లేరు."

"నేనుంట. నీకిష్టమైతేనే."

ఆమె తల వంచుకుంది. అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. అప్పుడే అమ్మ ఫోన్.

"యాడున్నవు బిడ్డా?"

"మానుకోటల ఉన్నమమ్మా."

"ఉన్నమా? ఎవరెవరు?"

ప్రవళిక శ్యాం వైపు చూసి, "వచ్చినంక చెప్తం," అంది. "కూర జర ఎక్కువ వండు."