చంద్రుడి వెనక చెవి

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతున్న సైంటిస్ట్ ఉపేంద్రకు వెనకనుంచి ఎవరిదో గొడుగు మొన విషపు సూదిలా గుచ్చుకుంది. అంతే. కుప్పకూలిపోయాడు.

రోడ్డు మీద "సూర్యాపేట, కోదాడ, విజయవాడ!" అని ప్రయాణికుల్ని పిలుస్తున్న ఖాకీ చొక్కా మనిషి పరుగెత్తుకొచ్చాడు. మారువేషంలో ఉన్న ఏజెంట్ శాంసన్. ఉపేంద్రను కాపాడడమే అతని డ్యూటీ. నాడి చూసి, ఉపేంద్ర కళ్లు మూశాడు.

"చంపేసిండ్రు మేడం. నా కండ్ల ముందరనే."

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ ఉదయలక్ష్మి నిట్టూర్పు వినిపించింది. "'నిశ్శబ్ద' కమాండ్ కీ ఎలాగో విదేశీ ముఠాకు చేరింది. దాన్ని మార్చగలిగినవాడు అతనొక్కడే. దిల్‌సుఖ్‌నగర్‌లో మూతబడిన కోచింగ్ సెంటర్. డాబా మీద వాళ్ల డిష్. లోపల మన తన్మయి ఉంది. వెళ్లు."

'నిశ్శబ్ద' చంద్రుడి చుట్టూ తిరిగే మన రేడియో టెలిస్కోప్. భూమి రొద చేరని చంద్రుడి వెనకవైపున, నక్షత్రాలు పుట్టకముందరి సన్నని సిగ్నల్ కోసం చెవి రిక్కిస్తుంది. దాన్ని భూమి వైపు తిప్పితే, మన తీరంలోని రహస్య రాడార్లన్నీ విదేశీ ముఠాకు దొరికిపోతాయి.

గేటు దగ్గర నల్ల కళ్లద్దాలు, ఆవపువ్వు రంగు పట్టుచీరలో ఒకామె.

"అడ్మిషన్లు ఉన్నయా?" అన్నాడు శాంసన్.

"ఈ ఏడు బ్యాచ్ లేదండీ."

కోడ్ సరిపోయింది; ఆమే తన్మయి. ఒకప్పుడు నిశ్శబ్దను తయారుచేసిన టీమ్‌లో ఉన్న ఆమెను డిపార్ట్‌మెంటే గూఢచారిగా ముఠాలోకి పంపింది. ఆమె వెంట శాంసన్ డాబా ఎక్కాడు. డాబా మీద లాప్‌టాప్ ముందున్న విదేశీయుడు తల తిప్పేలోగా శాంసన్ పెన్ను గ్యాస్ చిమ్మింది. అతను ఒరిగిపోయాడు. స్క్రీన్ మీద టెలిస్కోప్ అప్పటికే భూమి వైపు తిరుగుతోంది.

లాప్‌టాప్ వైపు చెయ్యి చాచిన శాంసన్ మెడకు చల్లటి పిస్టల్ తగిలింది.

"చెయ్యి తీయండి శాంసన్ గారూ," అంది తన్మయి.

"కీ ఇచ్చింది మీరేనా?"

"మనవాళ్లు నిశ్శబ్దను ఆపేస్తున్నారు. ఇంక అక్కర్లేదట. వీళ్లు నడిపిస్తామన్నారు." తన్మయి స్క్రీన్ వైపు చూసింది. "నిన్న ఏదో వినబడిందండీ. చాలా సన్నగా. ఇంకొక్క చుట్టు వింటే తేలిపోతుంది."

"ఉపేంద్రను చంపిండ్రు."

"అబద్ధం! ఎవరికీ ఏమీ కాదన్నారు."

"మెట్ల మీద పడిపోయిండు. ఆయన కండ్లు నేనే మూసిన."

పిస్టల్ జారిపోయింది. ఒకప్పుడు ఉపేంద్ర, ఆమె ఆ టెలిస్కోప్ మొదటి నమూనా బొమ్మను ఒకే బల్ల మీద గీశారు.

"ఆపుండ్రి మేడం!"

"ఇప్పుడు తిరగడం ఆపడం కుదరదు. టెలిస్కోప్ రిసీవర్లు కాల్చేయడమే."

ఆమె కూర్చుని టైప్ చేసింది. ఎంటర్ మీద వేలు ఆగింది. స్క్రీన్ మీద తొలి రాడార్ గీత లేవబోతోంది. కళ్లు మూసుకుని నొక్కింది.

ఆదేశం చంద్రుణ్ణి చేరేంత వ్యవధి. గీత ఒక్కసారి వణికి చదునైపోయింది.

తన్మయి చేతులు తనే చాపింది. "నాకు వినబడింది నిజమో, భ్రమో... ఇక ఎవరికీ తెలీదు కదండీ?"

శాంసన్ బేడీలు వేశాడు. కింద రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"శభాష్," అంది చెవిలో చీఫ్. "ఇంతకీ విశ్వం ఏమైనా చెప్పిందా?"

"చెప్పబోయింది మేడం. మనమే లైన్ కట్ చేసినం."