ఇంకా పుట్టని పిల్లలు

ఆదివారం పూజ కాగానే పెద్దలందరూ వంటలకని నేల కింది చల్లనిలయంలోకి దిగిపోతారు. పిల్లలు చర్చి అరుగు మీద జ్ఞానోపదేశం ముగించుకుని ఆ వెనకాల దిగుతారు. రెంటచింతలలో రెండు తరాలుగా ఇదే అలవాటు. పొద్దెక్కాక సాయంత్రం దాకా నేల మీద మనిషన్నవాడు బతకలేడు. ఎండ అంతగా ముదిరింది.

ఆ రోజు తలుపు పిల్లల్ని రానివ్వలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూసి, "ఈ వ్యక్తి ఇంకా పుట్టలేదు" అంది మర్యాదగా.

"ఏందయ్యా బాలశౌరీ ఇది? పుట్టకముందే నా ప్రాణం తోడేస్తన్నారా వీళ్ళు?" అంది ఆరోగ్యమ్మ టీచరు. హాస్యమాడిందే గాని ఆమె చూపు పిల్లల మీంచి కదల్లేదు. రేకుల నీడలో అప్పటికే ముగ్గురు వాంతి చేసుకున్నారు.

బాలశౌరి చల్లనిలయం గడియారాలు చూసే మెకానిక్కు. అతని కూతురు అమలోద్భవికి ఏడేళ్ళు. చొక్కా అంచు పట్టుకుని వదలడం లేదు. ఆ పిల్ల అరచెయ్యి కాలిపోతోంది.

తలుపు బుద్ధంతా నింగిగడియారంలో ఉంది. కప్పు మీది రిసీవరు ఉపగ్రహాల మాట విని కంప్యూటరుకి టైము చెబుతుంది. ఎవరు దిగారు, ఎవరు బయటికొచ్చారు, ఎవరు బతికున్నారు, అన్నీ ఆ టైము మీదే. వడదెబ్బకి పోయినవాళ్ళు మాత్రమే మిగిలిన హాలుని తలుపే బిగించి, రోగాలు పాకకుండా, పీలిస్తే ప్రాణం తీసే శుద్ధిపొగ వదులుతుంది. మనుషులు లోపలుండే వంతుల్లో మోసాలు చేస్తున్నారని చేత్తో టైము మార్చే వీలు ఎప్పుడో తీసేశారు.

అతను కేబులు లాగి చూశాడు. గట్టిగానే ఉంది. ఉపగ్రహాలు దండిగా కనిపిస్తున్నాయి. ఊరి జాడ సరే, సెకన్లు కూడా సరే. తేదీ ఒక్కటే ఇరవయ్యేళ్ళు వెనక్కిపోయింది.

బాలశౌరి హమ్మయ్య అనుకున్నాడు. తెలిసిన జబ్బే. ఉపగ్రహాలు వారాలు లెక్కపెడతాయి. వెయ్యిన్ని ఇరవైనాలుగు కాగానే, అంటే దాదాపు ఇరవయ్యేళ్ళకి, మళ్ళీ సున్నా. ఈ తెల్లవారుజామున ఆ చుట్టు తిరిగింది. ముసలి రిసీవరు ఇది ఎన్నో చుట్టో తెలియక పాత చుట్టులో పడింది. చేత్తో మార్చనిచ్చేది ఆ చుట్టు లెక్క ఒక్కటే; ఒక చుట్టు కలిపితే చాలు. అంతకు తక్కువ కలపడానికి రిసీవరు ఒప్పుకోదు.

గోడలోని మాటజల్లెడలోంచి భార్య లూర్దమ్మ గొంతు వినిపించింది. "ఏమయ్యా, పిల్లలింకా రాలేదేంది? మేమందరం పైకొస్తన్నాం."

"వద్దు! ఈ ఎండలో మీరెందుకు మాడటం? లోపలే ఉండండి. నిమిషంలో అయిపోద్ది."

"అమలుకి తడిగుడ్డ కప్పు. తొందరగా కానియ్యి."

అతను చుట్టు కలిపాడు. తేదీ ఒక్క దూకులో ఇరవయ్యేళ్ళు దాటి ఇవాళ్టికి వచ్చింది. తలుపు తెరుచుకుంది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ చల్లటి నడవలోకి పరిగెత్తారు. టీచరు గోడకి చేరగిలబడి ఏడ్చేసింది.

"ఎవరి దగ్గరికి వెళ్ళాలి?" అని తలుపు అమలుని అడిగింది.

"మా అమ్మ, లూర్దమ్మ దగ్గరికి."

"లూర్దమ్మ గారు చనిపోయి పన్నెండేళ్ళు దాటింది."

అమలు పకపకా నవ్వింది. బాలశౌరికి అప్పుడు అర్థమైంది. ఏడేళ్ళు జాడ లేని మనిషి పోయినట్టే లెక్క అన్నది పాత చట్టం. తలుపుకీ అదే నేర్పారు. పొద్దున దిగినవాళ్ళంతా ఇరవయ్యేళ్ళ కిందట దిగి, ఇంతవరకూ బయటికి రానట్టు ఉంది దాని లెక్క.

లోపల పెద్దలున్న హాలు తలుపు బిగుసుకున్న చప్పుడైంది, ఆ వెంటనే పొగ బుస్సుమంది. అతను చుట్టు వెనక్కి తిప్పాడు. ఉపగ్రహాలు మళ్ళీ దొరకడానికి పావుగంట పడుతుందని తెర మీద పడింది. టీచరూ అతనూ ఇనపకడ్డీతో ఆ తలుపు మీద పడ్డారు. అది జానెడు మందం. అవతల బాదుతున్న చేతులు మొదట చాలా ఉన్నాయి.

మాటజల్లెడలో దగ్గు వినిపించింది. "ఏమయ్యా... పిల్ల లోపలికొచ్చిందా?"

"వచ్చింది లూర్దూ. చల్లగా ఉంది."

బదులు రాలేదు. బాదడం కూడా ఆగిపోయింది.

అమలు వచ్చి అతని చొక్కా లాగింది. ఇంకా నవ్వుతూనే ఉంది.

"నాకు ఏడేళ్ళే గదా నాన్నా. పొద్దున జడేసింది కూడా అమ్మే. ఈ తలుపుకి లెక్కలు రావు."