చేరని టెస్ట్ మెసేజ్

“ఏమప్పా వీరేష్, డేటా కంటైనర్ లోపలే పెట్టినావా? దాన్ని తీసేస్తే అన్నీ పోతాయి కదా! నిన్ను పనిలోకి తీసుకునిందెవరు?”

కృపాకుమారి నాతో అన్న మొదటి మాటలివే. వేరుశనగ రైతుల ఫోన్లకు వాన కబురు పంపే చిన్న కంపెనీ మాది. ఆ కబుర్లను వరసలో పెట్టి పంపే మెసేజ్ బ్రోకర్ అనే సాఫ్ట్‌వేర్ మూడు కంటైనర్లలో, అంటే కంప్యూటర్ లోపలి మూడు డబ్బాల్లాంటి వాటిల్లో, నడిచేది. తాడిపత్రిలో నా దగ్గరొకటి, ఉరవకొండలో ఆమె దగ్గరొకటి, అనంతపురం ఆఫీసులో ఒకటి. మూడూ నేనే పెట్టినవి; కలిసి ఒక క్లస్టర్, ఒకదాంట్లో వేసింది మిగతా రెండింటికీ చేరుతుంది.

“రేపే బయట డిస్క్‌లోకి మారుస్తా,” అన్నాను.

నెల తర్వాత అడిగింది, “మార్చినావా?”

“ఎప్పుడో!” అన్నాను. మార్చలేదు.

లైన్ సరిగా ఉందో లేదో చూడ్డానికి రోజూ సాయంత్రం ఆమె నాకొక టెస్ట్ మెసేజ్ వేసేది. మొదట్లో ‘టెస్ట్ 1’. తర్వాత ‘తిన్యావా?’. ఆ తర్వాత ‘ఈడ మబ్బు పట్టింది, ఆడ?’. ‘నువ్వు లేవు కదా, ఈడ ఎండే’ అని నేను. ఎదురుపడితే మాత్రం ఇద్దరం నీళ్లు నమిలేవాళ్లం.

జూన్‌లో గాలివాన కొట్టింది. ఉరవకొండ లింక్ తెగి, తిరిగొచ్చేసరికి క్లస్టర్ రెండుగా చీలింది. మేం పోయామని ఆ కంటైనర్, అది పోయిందని మిగతా రెండూ అనుకున్నాయి. చీలి ఉన్నప్పుడు అక్కడ వేసినవి అక్కడే ఉండిపోతాయి. ఆమెను అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. కానీ రైతులకు కబుర్లు పోవడం లేదని అనంతపురం ఆఫీసు నుంచి మా సార్ కేకలేస్తున్నాడు. అక్కడ ఉండేవి టెస్ట్ మెసేజ్‌లే కదా అనుకుని, తాడిపత్రి నుంచే ఆ కంటైనర్ తీసేసి కొత్తది పెట్టాను. పది నిమిషాల్లో వాన కబుర్లు కదిలాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె మెసేజ్ రాలేదు. అలిగిందనుకున్నాను. నాకూ పొగరే, అడగలేదు.

రెండు నెలలకు పెళ్లి కార్డు పట్టుకుని వచ్చింది.

“ఒక్క మాటైనా చెప్పలేదే,” అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని.

“చెప్పినా కదా! గాలివాన రోజు. ‘నాయన సంబంధం తెచ్చినాడు. నువ్వు ఊ అంటే ఇంట్లో నీ పేరు చెప్తా’ అని వేసినా. లింక్ వస్తే చేరుతుందిలే అనుకున్యా. నెలంతా కాసుకోని ఉన్యా. నువ్వు పలకలేదు.”

“ఆ కంటైనర్ నేనే తీసేసినా కృపా. నీ మెసేజ్ నాకు చేరలేదు.”

“డేటా బయట పెట్టినా అంటివి కదా?”

“అబద్ధం చెప్పినా.”

“చేరింటే ఏమనేవాడివి?”

“ఊ అనేవాణ్ణి.”

కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం కూర్చుని డేటా అంతా బయట డిస్క్‌లోకి మార్చాను. అరగంట పట్టింది.