అమావాస్యనాటి మగ్గం

పోచంపల్లిలో పొద్దున లేస్తే ముందు వినిపించేది మగ్గమే. ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో అందుకుంటుంది. చాయ్ తాగే వేళకు వాడంతా టకటకమంటుంటుంది. కిరాయికి దిగిన కొత్తలో నవనీతకు ఆ చప్పుడుతో తల పగిలిపోయేది. తర్వాత అలవాటైంది.

నవనీతది నల్లగొండ. ఏ ఆఫీసులోనూ ఉద్యోగం లేదు. కొత్తగా వచ్చిన ఫోన్లు, వాచీలు, ఇయర్‌ఫోన్లు వాడి చూసి, మంచీచెడూ రాసి వెబ్‌సైట్లకు పంపడమే ఆమె బతుకుదెరువు. చీరల డిజైన్లు ఇప్పుడు కంప్యూటర్ మీద ఎట్లా గీస్తున్నారో ఒక పెద్ద వ్యాసం రాద్దామని ఈ ఊరికొచ్చి, వెంకటనర్సమ్మ ఇంట్లో వెనుక గది తీసుకుంది. గది చల్లగా ఉంది. కిరాయి నమ్మలేనంత తక్కువ. నేల మీద కొత్త టైల్స్. నడిమధ్యన ఒక టేబుల్, ఒక కుర్చీ.

"టేబుల్ మాత్రం జరుపకు బిడ్డా. గాడనే కూసొని రాసుకో," అంది వెంకటనర్సమ్మ తాళంచెవి చేతిలో పెడుతూ. నవ్వలేదు. ఆమె భర్త గండయ్య గడప బయటే నిలబడ్డాడు. లోపలికి తొంగి కూడా చూడలేదు.

ఒకరోజు నవనీత వెలుతురు కోసం టేబుల్‌ను కిటికీ దగ్గరికి లాక్కుంది. బజారుకు పోయి వచ్చేసరికి అది మళ్ళీ నడిమధ్యకు చేరింది. అడిగితే వెంకటనర్సమ్మ ముఖం మాడ్చుకుంది.

"ఇల్లు నాది. ఉంటె ఉండు, లేకుంటె ఖాళీ చెయ్యి."

ఆషాఢంలో ముసురు పట్టింది. ఆ ముసురులోనే కొరియర్‌లో హెడ్‌ఫోన్లు వచ్చాయి. బయటి చప్పుళ్ళన్నిటినీ అణిచేస్తాయని కంపెనీవాళ్ళు గొప్పగా చెప్పుకుంటున్న రకం. వాటిని పరీక్షించడానికి మగ్గాల ఊరికంటే మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది? చెవులకు పెట్టుకుని బటన్ నొక్కింది. లోకమంతా ఒక్కసారిగా మూగబోయింది. వాన లేదు. ఆటోలు లేవు. మగ్గాలు లేవు...

ఒక్కటి తప్ప.

టక్... టక్... మెల్లగా, బరువుగా. పక్కింటిదేమో, గోడ పలుచనేమో అనుకుంది. ఇదొక లోపమని సమీక్షలో రాసేసింది కూడా.

అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు ఆ వాడలో ఎవరూ మగ్గం ముట్టరు. పొద్దంతా ఊరు ఊపిరి బిగబట్టినట్టే ఉంది. సమీక్ష ఆ సాయంత్రమే పంపాలి. మబ్బు కమ్మి, దీపాలు పెట్టకముందే గది చీకటైంది. ఎక్కడినుంచో మట్టి వాసన. వానకు తడిసిన మట్టిది కాదు. ఏళ్ళ తరబడి గాలి సోకని మట్టిని తవ్వితే వచ్చే పాచి వాసన. నవనీత కిటికీ మూసింది. వాసన ఇంకా ఎక్కువైంది.

ఆఖరుసారి చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

టక్... టక్...

కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. ఇవాళ ఎవరు నేస్తున్నారు?

హెడ్‌ఫోన్లు తీసింది. చినుకుల చప్పుడు, దూరంగా ఎవరిదో టీవీ. మగ్గం లేదు. పెట్టుకుంది. ఉంది. ఇంకా దగ్గరగా ఉంది... పక్కన కాదు. కింద.

అప్పుడే ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి దయాకర్, ఆమె రాసే వెబ్‌సైట్ ఎడిటర్. హెడ్‌ఫోన్లలోనే మాట్లాడింది.

"అయిపోయిందా నవనీతా?"

"అయిపోయిందన్నా. జర సూసుకొని పంపుత."



"నీ పక్కన ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరన్నా."

"ముసలామె మాట్లాడుతాంది కదా..." దయాకర్ గొంతు తగ్గింది. "నవనీతా... నిన్నే తిడుతాంది. మన్ను తియ్యమంటాంది."

లైన్ తెగిపోయింది. వెంటనే కరెంటు పోయింది.

ఇప్పుడు ఆ గొంతు ఆమెకూ వినిపించింది. నోటినిండా మట్టి కుక్కుకున్న మనిషి గొంతు.

"మన్ను తియ్యి... తియ్యకపోతె నువ్వే దిగు..."

హెడ్‌ఫోన్లు పీకి విసిరేసింది. గొంతు ఆగింది. మగ్గం ఆగలేదు.

లేవబోయింది. కాళ్ళు రాలేదు. పాదాల కింద నేల తగలడం లేదు. నేతగాళ్ళు మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నట్టు, మోకాళ్ళ దాకా ఎక్కడికో దిగిపోయినట్టు ఉంది. పిక్కలకు చల్లటి గాలి కొడుతోంది. ఫోన్ వెలుతురు కిందికి తిప్పింది. టైల్స్ తెల్లగా, గట్టిగా, ఉన్నచోటే ఉన్నాయి. పాదాలు వాటి మీదే ఉన్నాయి. కానీ రెండు మడమలనూ ఎవరో పట్టుకున్నారు. కనబడని వేళ్ళు... ఒక్కొక్కటే... బిగుస్తున్నాయి.

కుర్చీతో సహా వెనక్కి పడింది. ఆ కుదుపుకు పట్టు జారింది. మోకాళ్ళ మీద పాకుతూ తలుపు చేరి లాగింది. రాలేదు. బయట గొళ్ళెం పెట్టి ఉంది.

"పెద్దమ్మా! తలుపు తియ్యి!"

తలుపుకు అవతల, చాలా దగ్గరగా, ఎవరిదో ఊపిరి.

"లొల్లి చెయ్యకు," వెంకటనర్సమ్మ గుసగుసలాడింది. "మా అత్త అది. గుంట పూడ్చి టైల్స్ ఏస్తమంటె మగ్గం మీదికెల్లి లేవనన్నది. ఎంత బతిలాడినా లేవకపాయె. మన్ను ట్రాక్టరు వచ్చి వాకిట్ల నిలవడ్డది... మేమేం జెయ్యాలె?"

నవనీత మళ్ళీ తలుపు గుంజింది.

"గా నడుమ ఎవరన్న కూసుంటె మా దిక్కు వస్తలేదు. పోయి కూసో బిడ్డా."

వెనుక చీకట్లో, పడిపోయిన కుర్చీ లేచి నిలబడిన చప్పుడైంది. కాళ్ళీడ్చుకుంటూ టేబుల్ దగ్గరికి జరిగింది. ఆమె కోసమే సర్దిపెట్టినట్టు ఆగింది.

బయట పెనుగులాట. గాజులు చిట్లిన చప్పుడు.

"ఇంక సాలు! ఎందరిని గిట్ల జేస్తవు?" అది గండయ్య గొంతు.

గొళ్ళెం ఊడింది. నవనీత బయట పడింది. ల్యాప్‌టాప్, బట్టలు, చెప్పులు అన్నీ వదిలేసి ఉత్త కాళ్ళతో బస్టాండుకు ఉరికింది. కదులుతున్న హైదరాబాద్ బస్సు ఎక్కాకగానీ ఏడుపు రాలేదు.

ఆ రాత్రి స్నేహితురాలు హారిక ఇంట్లో పడుకుంది. పొద్దున్నే దయాకర్ వచ్చి అంతా విన్నాడు. పోలీసులను తీసుకుపోయి టైల్స్ తవ్విద్దామన్నాడు. రేపే పోదామని చెప్పి వెళ్ళిపోయాడు. ఎండ కాస్తోంది. వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. ఆ అరుపు వింటుంటే నవనీతకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆకలి కూడా వేసింది.

ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక హారిక చెయ్యి ఆపింది.

"కాళ్ళు ఊపకే. బల్ల అదురుతాంది."

"నేను ఊపుతలేను..."

నవనీత కిందికి వంగి చూసింది. కుడికాలు నేలను తొక్కింది. లేచింది. ఎడమకాలు తొక్కింది. లేచింది. తీరుబడిగా, మగ్గం పని తెలిసినట్టు, ఒకదాని వెంట ఒకటి. రెండు చేతులతో మోకాళ్ళను అదిమి పట్టుకుంది. ఆగలేదు.

హారిక బల్ల కిందికి దూరి పాదాలను గట్టిగా పట్టుకుంది. అంతలోనే చేతులు వెనక్కి లాక్కుంది.

"నవనీతా..." అంది బల్ల కిందనుంచే. "ఇవి... ఇంత ముసలి కాళ్ళు... ఎవరివే?"