ఐదు లెక్కపెట్టే బావి

"పన్నెండింటికి ఐచెన్‌ఫెల్స్ కోట దర్బారు హాల్లో ఇద్దరు మంత్రులు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అప్పుడే బాంబు పేలుతుంది. ఎక్కడ పెట్టారో తెలీదు," అంది చీఫ్ హెట్‌విగ్.

"అక్కడ మనవాళ్లెవరు మేడమ్?" అడిగాడు ఏజెంట్ ఫోల్క్‌మార్.

"ఒట్టీలీ. శత్రువుల ముఠాలో ఉంటూ మనకి కబుర్లు పంపే డబుల్ ఏజెంట్. మూడు నెలలుగా కోట గైడుకి కాబోయే పెళ్లాంలా నటిస్తోంది."

ఫోల్క్‌మార్‌కి ఒళ్లు భగ్గున మండింది. ఒట్టీలీని నాలుగేళ్లుగా ప్రేమిస్తున్నాడు. ఆమెకి చెప్పలేదు, అంతే.

పదకొండున్నరకి టూరిస్టు వేషంలో కోటలో దిగాడు. ఎర్రకోటు వేసుకున్న ఒట్టీలీ, గైడు కోర్బీనియన్ భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది.

"ఈ కోటని స్వీడన్ సైన్యం కాల్చిందా?" అన్నాడు. అది కోడ్.

"రెండుసార్లు," అంది ఒట్టీలీ. పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "హాలంతా గాలించాను. ఏమీ లేదు."

"ఆ గైడుని గాలించావా?"

"కోర్బీనా? చీమకైనా హాని చెయ్యడు."

"ఓహో, ముద్దుపేరు కూడానా!"

కెమెరాలో దాచిన బాంబు డిటెక్టర్ కిక్కురుమనలేదు. అయినా దొంగ గైడేనని ఫోల్క్‌మార్ తేల్చేసుకున్నాడు. ఆధారమల్లా వాడి ఒత్తైన జుట్టు.

మూడు నిమిషాల్లో పన్నెండు కొడుతుందనగా గైడు అందరినీ హాలు కిందున్న బావి దగ్గరికి తీసుకొచ్చాడు. ఫోల్క్‌మార్ చెయ్యి జేబులో బేడీల మీద ఉంది.

"ఎనిమిది వందల ఏళ్ల కిందట గని కూలీలు ముప్పై ఏళ్లు తవ్వారండీ. నీళ్లు పోస్తా, చప్పుడయ్యేదాకా లెక్కపెట్టండి. ఐదొస్తుంది."

జగ్గు వంచాడు. ఎవరూ "ఒకటి" అనకముందే ఠంగుమంది.

గైడు మొహం పాలిపోయింది. "పద్దెనిమిదేళ్లుగా రోజూ పోస్తున్నా. ఐదే! లోపల ఏదో ఇనప సామానుంది!"

"పొద్దున బావిలో లైటు మార్చడానికొచ్చినవాడు!" అంటూ ఒట్టీలీ గేటుకి ఫోన్ చేసింది. వ్యానెక్కబోతున్నవాణ్ణి అక్కడే పట్టేశారు.

ఫోల్క్‌మార్ నడుముకి తాడు కట్టుకున్నాడు. రెండో కొస పట్టుకునే బలం గైడుకే ఉంది. తన ప్రాణం వాడి చేతిలో పెట్టాల్సి రావడం బాంబు కన్నా ఘోరంగా అనిపించింది.

"వదిలెయ్యకండి గైడుగారూ."

"మిమ్మల్నెందుకు వదుల్తానండీ?" అన్నాడు గైడు, నిజంగానే అర్థంకాక.

బావిలోకి దిగి, రెండు సెకన్లు మిగిలుండగా బాంబు వైరు కత్తిరించాడు.

పైకొచ్చేసరికి ఒట్టీలీ కన్నీళ్లతో పరుగెత్తుకొస్తోంది. ఫోల్క్‌మార్ చేతులు చాచాడు. ఆమె అతణ్ణి దాటి వెళ్లి గైడుని వాటేసుకుంది.

"ఒట్టీలీ, నాటకం అయిపోయింది!"

"అది రెండో వారంలోనే అయిపోయింది, ఫోల్క్‌మార్."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసింది. "శభాష్! ఇంతకీ బాంబు కనిపెట్టిందెవరు?"

"ఎవరో గైడు, మేడమ్."

"పతకం ఇప్పిద్దాం. పేరేంటి?"

"అబ్బే, గుర్తులేదు మేడమ్."