ఢిల్లీకి పోని సాక్షి

జోరువానలో ఖమ్మం లాయరు వెంకటరామారావు గారి ఆఫీసు వరండా మీదికి ఐదుగురు ముసలివాళ్లు మూటలతో ఎక్కారు. మూటల్లో దుప్పట్లు, జొన్నరొట్టెలు. వాళ్ల ముందు తడిసిన ఓణీ కొంగు పిండుకుంటూ బీఏ చదివే జమ్లి.

"ఢిల్లీ రైలు ఎన్నింటికి?" అంది.

జూనియర్ లాయరు హరిలాల్‌కు నవ్వాగలేదు. "ఎవరెవరు పోతున్నరు?"

"మా బాపు బిచ్యా, ఈ నలుగురు సాక్షులు. తండా భూమి కేసు హైకోర్టుల ఓడినం. సుప్రీంకోర్టుల గెలవకుంటే బూర్గంపాడు కాడి మా చేన్లన్నీ పోతయ్. దీంట్ల నవ్వేదేముంది?"

హరిలాల్ సిగ్గుపడ్డాడు. అతనూ ఇల్లందు దగ్గరి తండా కుర్రాడే. చేను పోతే ఏమవుతుందో ఇంట్లో చూసినవాడే. గబగబా కుర్చీలు జరిపాడు.

"సుప్రీంకోర్టుల సాక్షులను పిలవరు. కింది కోర్టుల చెప్పిందే కాయితాల మీద చూస్తరు. ముందుగాల, అసలు ఈ కేసు వినాల్నా వద్దా అని జడ్జీలు తేలుస్తరు. వద్దంటే గడప కాన్నుంచే వాపస్."

"మరి మా బాపు మాట?"

"కింది కోర్టుల తెలుగుల చెప్పిండు గద. దాన్ని ఇంగ్లీషు చేసి పంపుతున్నం."

"ఏదీ, చూపియ్."

చూపించడమే పొరపాటయింది. చదువుతుంటే జమ్లి మొహం కందిపోయింది.

"చాలా కాలంగా సాగు చేస్తున్నా... గంతేనా? అడవి కొట్టి రాళ్లెట్ల ఏరిన్రో చెప్పిండు. నేను పుట్టింది ఆ చేన్ల మంచె కిందనే అని చెప్పిండు. అదంతా ఎవరు కోసేసిన్రు?"

"నేనే. పొట్టిగ ఉంటే బాగుంటదని..."

"గడప కాన్నుంచే ఎల్లగొట్టే జడ్జికి నీ పొట్టి ముక్క ఏం ఎరుకైతది? మళ్ల రాయ్. నేను ఈడనే కూసుంట."

కూర్చుంది. ముసలివాళ్లు వరండాలోనే రొట్టెలు విప్పారు. సీనియర్ గారు తొంగి చూసి, "అమ్మాయి చెప్పినట్టు రాయవయ్యా!" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ వారమంతా కాలేజీ కాగానే జమ్లి వచ్చేది. మాట మాటకూ పోట్లాటే. మంచెకు ఇంగ్లీషు ఏమిటని ఒక సాయంత్రం, రాళ్లేరడం దగ్గర ఇంకో సాయంత్రం. ఆ పోట్లాటల మధ్య ఎక్కడో హరిలాల్ ప్రేమలో పడ్డాడు. చెబుదామంటే నోరు రాలేదు. ఆ పిల్ల మనసంతా చేను మీదే ఉంది మరి!

కాగితాలు ఢిల్లీ వెళ్లాయి. చలికాలంలో టెలిగ్రాం వచ్చింది. హరిలాల్ దొరికిన బస్సెక్కి తండాకు పరుగెత్తాడు. తండ్రీకూతుళ్లు చేనులోనే ఉన్నారు.

"కేసు తీస్కున్నరు! తీర్పొచ్చేదాంక మిమ్మల్ని ఎవరూ కదిలియ్యొద్దని స్టే గూడ ఇచ్చిన్రు!"

జమ్లి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "ఇగ గెలిచినట్టేనా?" అంది.

"లే. అసలు వాదన ఇగ మొదలైతది. ఏండ్లు పడ్తది."

"పడనీ. నేను గూడ లా చదువుత. నీ పక్కనే కూసుంట. ఆఫీసులనే గాదు... ఇంట్ల గూడ."

హరిలాల్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏంది గట్ల చూస్తవ్? ఇంగ్లీషుల చెప్పాల్నా?"

బిచ్యా దగ్గాడు. హరిలాల్ ఉలిక్కిపడి, "కాకా, కేసు గెలిచినంక నిన్ను అడుగుదామనుకున్న..." అని నసిగాడు.

"గెలిచినంకనా? గా కోర్టు సంగతి నాకు ఎరుకైంది బిడ్డా. అప్పటిదాంక ఆగితే పెండ్లి బువ్వ తిననీకి నాకు ఒక్క పన్ను గూడ మిగలది. వచ్చే నెలల చేస్కోర్రి. పందిరి ఈ చేన్లనే ఏద్దం. స్టే ఉంది గద!"